ఒక్కరే ఉన్నచోట

కొన్నేళ్ళ కిందట టెక్సస్‌లో చదువుకునేటప్పుడు జానపద విజ్ఞానం మీద ఒక సెమినార్ తీసుకున్నాను. బల్ల చుట్టూ పన్నెండు మందిమి. ఇండియా నుంచి నేనొక్కదాన్నే. మూడోవారమో నాలుగోవారమో, మాటల మధ్యలో ప్రొఫెసర్ నావైపు తిరిగి, మంచి మనసుతోనే, "మీ దగ్గర కులం ఇప్పుడెలా ఉంది? ఇంకా పాటిస్తారా?" అని అడిగారు. అందరి తలలూ నావైపు తిరిగాయి.

నేను చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. సిటీల్లో దాదాపు పోయింది, ఊళ్ళలో కొంత ఉంది, అదీ తగ్గుతోంది, చట్టాలు గట్టిగానే ఉన్నాయి. అందరూ తలలూపారు. ఒకరిద్దరు నోట్సు కూడా రాసుకున్నారు.

విజయవాడలో మా ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు ఉండేది. వంటింటి కిటికీలో బోర్లించి పెట్టేవాళ్ళు. ఆ జవాబు చెబుతున్నప్పుడు నాకా గ్లాసు గుర్తు రాలేదని అనలేను. వచ్చింది. వచ్చింది కాబట్టే అంత తొందరగా చెప్పేశాను. ఆ గదిలో నేను ఫలానా ఇంటి ఫలానా అమ్మాయిని కాదు, మొత్తం దేశాన్ని. దేశం పరువు పోకుండా మాట్లాడాలి. ఇంటిగుట్టు లంకకు చేటు అనే మాట వింటూ పెరిగినదాన్ని మరి.

క్లాసయ్యాక కారిడార్లో ఒకమ్మాయి నాతోపాటు నడిచింది. రియో గ్రాండే లోయ నుంచి వచ్చిన మెక్సికన్ అమెరికన్. ఆ గదిలో తనూ ఒక్కతే. "పోయినవారం నన్ను మా మగవాళ్ళ గురించి అడిగారు, గుర్తుందా? నేనూ నీలాగే చెప్పాను" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది.

ఒక సమూహం గురించి ఎవరు రాయాలి, ఎవరికి హక్కుంది అనే ప్రశ్న తెలుగులో మనకు కొత్త కాదు. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చిన రోజుల నుంచీ అనుభవమా, సానుభూతా అని వాదించుకుంటూనే ఉన్నాం. ఆ రోజు నాకు తగిలిన ప్రశ్న దానికి పక్కింటిది. సరే, రాసేది మనవాళ్ళే అనుకుందాం. ఎంతమంది ఉండాలి? ఒకరుంటే చాలా? దీనికి నాకు కాస్త నమ్మకం కలిగించిన జవాబు ఆ అమ్మాయి మనుషుల చరిత్రలో దొరికింది. అమెరికాలో లాటినోల గురించిన పరిశోధన ఏ దారిలో నడిచి, ఎందుకు యూనివర్సిటీలన్నీ చేతులు కలిపేదాకా వచ్చిందో చూస్తే దొరికింది.

*

ఆ వారం మేం చదువుతున్నది అమెరికో పరేదెస్ రచనల్ని. 1915లో మెక్సికో సరిహద్దు మీదున్న బ్రౌన్స్‌విల్‌లో పుట్టినాయన. 1958లో గ్రెగోరియో కోర్తెస్ అనే మనిషి గురించి, అతని మీద జనం కట్టుకున్న పాటల గురించి ఒక పుస్తకం రాశారు.

కథ 1901 జూన్‌లో మొదలవుతుంది. టెక్సస్‌లో కార్న్స్ కౌంటీ షెరిఫ్ ఒక గుర్రం దొంగతనం గురించి వాకబు చేస్తూ కోర్తెస్ ఇంటికి వచ్చాడు. షెరిఫ్‌కి స్పానిష్ రాదు. దుబాసీగా ఒక డెప్యూటీని తెచ్చుకున్నాడు. ఈ మధ్య ఎవరితోనైనా గుర్రం మారకం వేశావా అని అడిగించాడు. దుబాసీ వాడిన మాట మగ గుర్రానికి వాడేది. కోర్తెస్ మారకం వేసింది ఆడ గుర్రాన్ని. స్పానిష్‌లో ఆ రెండూ వేర్వేరు మాటలు. కాబట్టి నిజాయితీగానే లేదన్నాడు. షెరిఫ్‌కి అది అబద్ధంలా వినిపించింది. అరెస్టు చేస్తానన్నాడు. ఏ నేరమూ లేకుండా నన్ను అరెస్టు చెయ్యలేరని కోర్తెస్ అంటే, ఏ తెల్లవాడూ నన్ను అరెస్టు చెయ్యలేడని దుబాసీ అనువదించాడు. నిమిషాల్లో కోర్తెస్ సోదరుడికి తుపాకి గుండు తగిలింది, షెరిఫ్ చనిపోయాడు. పది రోజుల పాటు టెక్సస్ అంతా వేట. ఆ వేటలో మరికొన్ని ప్రాణాలు పోయాయి. చివరికి దొరికి, జైల్లో ఏళ్ళు గడిపిన కోర్తెస్‌కి 1913లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టాడు.

ఒక్క మాట. మగ గుర్రం, ఆడ గుర్రం.

ఇది చదవగానే ఎవరికైనా తట్టే మొదటి నీతి, భాష తెలిసినవాడు ఉండాలని. పరేదెస్ అక్కడితో ఆగలేదు. 1977లో రాసిన ఒక వ్యాసంలో, తన మనుషుల మీద తెల్ల మానవశాస్త్రవేత్తలు రాసిన పుస్తకాల్ని ఓపిగ్గా విప్పి చూపించారు. వాళ్ళకి స్పానిష్ కొంత వచ్చు. ఊళ్ళలో ఉన్నారు, జనంతో మాట్లాడారు, దురుద్దేశం ఉన్నవాళ్ళు కారు. వాళ్ళకి దొరకనిది హాస్యం. సరిహద్దు ఊళ్ళలో మనుషులు కొత్తవాడు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే ఆట పట్టిస్తారు. లేనివి కల్పించి చెబుతారు, తమ మీద తామే జోకులేసుకుంటారు. ఆ జోకులు పుస్తకాల్లోకి 'ఈ ప్రజల విశ్వాసాలు'గా ఎక్కాయి.

ఇది చదివి మేం తెగ నవ్వుకున్నాం. గోదావరి జిల్లాల్లో కాలవగట్టు మీద కూర్చున్న నలుగురి దగ్గరికి నోట్‌బుక్‌తో ఒక విదేశీయుడు వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ నవ్వు ఆగాక ఒక అనుమానం వదల్లేదు. నోట్‌బుక్ పట్టుకున్నవాళ్ళకి ఊళ్ళోవాళ్ళు సరదాకి అబద్ధం చెప్పారు. నేను సెమినార్లో చెప్పింది సరదాకి కాదు. మరి నా అబద్ధాన్ని ఎవరు విప్పి చూపించాలి?

*

'మా గురించి మేమే రాసుకుంటాం' అన్నది 1960ల చివర్లో వచ్చిన జవాబు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్‌లో వేలమంది మెక్సికన్ అమెరికన్ హైస్కూలు పిల్లలు క్లాసులు వదిలి రోడ్ల మీదికొచ్చారు. పాఠాల్లో మేమెక్కడ, మా టీచర్లెక్కడ అన్నది వాళ్ళ ప్రశ్న. మరుసటి సంవత్సరం శాంటా బార్బరాలో విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చుని యూనివర్సిటీల్లో చికానో అధ్యయనం ఎలా ఉండాలో ఒక ప్రణాళిక రాశారు. చికానో అంటే తమకు తాము పెట్టుకున్న పేరు. అంతకుముందు కాస్త చులకనగా వినిపించేదాన్ని తీసుకుని జెండాలా ఎగరేశారు. 1969లోనే లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో చికానో పరిశోధన కేంద్రం వచ్చింది. 1970లో ఆస్టిన్‌లో మెక్సికన్ అమెరికన్ అధ్యయన కేంద్రం వచ్చింది. దాని వెనక పరేదెస్ ఉన్నారు. 1973లో న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్ అధ్యయన కేంద్రం వచ్చింది.

ఇవన్నీ దానంగా వచ్చినవి కావు, అడిగి తెచ్చుకున్నవి. ఆ కేంద్రాలు లేకపోతే పాత పత్రికలు, ఉత్తరాలు, సంఘాల మినిట్స్ పుస్తకాలు చెదలపాలయ్యేవి. 'మేమే రాసుకుంటాం' అన్న జవాబు సరైనదే.

సరైనదే కానీ సరిపోదు. అది నాకు తెలిసింది ఒక కోర్టు కేసు ద్వారా.

*

1970ల మొదట్లో లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆసుపత్రిలో పురిటికొచ్చిన మెక్సికన్ స్త్రీలలో చాలామందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసేశారు. సంతకాలున్నాయి. నొప్పులు పడుతున్నప్పుడు, సిజేరియన్‌కి తీసుకెళుతున్నప్పుడు చేతిలో పెట్టిన కాగితాల మీద తీసుకున్న సంతకాలు. కాగితాలు ఇంగ్లీషులో. చాలామందికి స్పానిష్ తప్ప రాదు. కొందరికి తమకేం జరిగిందో చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు. ఈ సంగతి బయటికొచ్చింది ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్న ఒక యువ డాక్టర్ వల్ల. అతను మెక్సికన్ కాదు. రికార్డులు పోగుచేసి, ఉత్తరాలు రాసి, వినేవాళ్ళ కోసం తిరిగాడు. మనవాళ్ళ నిజం మనవాళ్ళే చెబుతారనే లెక్కలో ఇతను ఎక్కడా పట్టడు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

పదిమంది స్త్రీలు 1975లో కేసు వేశారు. మద్రిగల్ వర్సెస్ క్విల్లిగన్. వాళ్ళ తరఫు లాయర్లలో ఒకరు ఆంటోనియా హెర్నాండెస్, అప్పుడే చదువు ముగించిన చికానా. జరిగిన నష్టం ఎంతటిదో జడ్జికి అర్థమవ్వాలంటే నిపుణుడి సాక్ష్యం కావాలి. కార్లోస్ వేలెస్ ఇబాన్యెస్ అనే మానవశాస్త్రవేత్తని పిలిచారు. మెక్సికన్ అమెరికన్. భాష వచ్చు, హాస్యం తెలుసు, ఆ స్త్రీలంటే గౌరవం ఉంది. పరేదెస్ కోరిన అర్హతలన్నీ ఉన్నాయి. ఒక్కొక్కరితో గంటలకొద్దీ మాట్లాడి కోర్టుకి చెప్పిందేమిటంటే, ఈ స్త్రీలు మెక్సికోలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ బంధుత్వాల్లో, వాళ్ళ ఆత్మగౌరవంలో పిల్లల్ని కనగలగడానికి పెద్ద చోటుంది, ఈ ఆపరేషన్ వాళ్ళ కడుపునే కాదు వాళ్ళ లోకాన్నే కోసేసింది.

1978లో తీర్పు వచ్చింది. స్త్రీలు ఓడిపోయారు. జడ్జి మానవశాస్త్రవేత్త సాక్ష్యాన్ని తోసెయ్యలేదు. వాడుకున్నాడు. వీళ్ళకు ఇంత బాధ కలగడానికి వీళ్ళ ప్రత్యేకమైన సంస్కృతే కారణం, అలాంటి సంస్కృతి ఉందని డాక్టర్లకెలా తెలుస్తుంది, ఇది మాటలు అర్థం కాక జరిగిన పొరపాటు అన్నది ఆయన వాదన సారాంశం. బాధ ఎంతో చూపించడానికి తెచ్చిన జ్ఞానం బాధకి కారణం బాధితులే అని చెప్పడానికి పనికొచ్చింది.

వేలెస్ ఇబాన్యెస్ దీని గురించి తర్వాత తనే రాశారు. ఈ కేసు మీద 2015లో 'నో మాస్ బెబేస్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. రెనీ తజిమా పేన్యా దర్శకురాలు, చరిత్రకారిణి వర్జీనియా ఎస్పినోతో కలిసి తీశారు. ముసలివాళ్ళయిన ఆ స్త్రీలు ఆ రోజుల గురించి మాట్లాడుతుంటే చూడడం కష్టం.

ఆయన ఏం చేసి ఉండాల్సింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. మాట్లాడకుండా ఉండాల్సిందా? ఇంటిగుట్టు లంకకు చేటు అంటే ఇదేనా? పల్లె ఆచారాల సంగతి ఆ జడ్జి ముందు ఎత్తకుండా, ఏ ఆడదానికైనా ఇది అన్యాయమే అని ఊరుకోవాల్సిందా? కానీ ఆయన తెలుసుకున్నది నిజం. నిజాన్ని దాస్తే ఆ స్త్రీల దుఃఖం కోర్టు కాగితాల్లోకి ఎక్కేదే కాదు. చెబితే ఆయుధమైంది, చెప్పకపోతే మాయమయ్యేది.

నాకు తట్టిన జవాబు ఇది. తప్పు ఆయన చెప్పినదాంట్లో లేదు. ఆ కోర్టు గదిలో ఆ స్త్రీల సంస్కృతి గురించి మాట్లాడడానికి ఆయనొక్కరే మిగలడంలో ఉంది. ఒక్కరే ఉన్నప్పుడు ఆయన చెప్పింది ఒక పరిశోధకుడి అభిప్రాయం కాకుండా పోయింది, ఒక జాతి వాంగ్మూలమైంది. దాన్ని కాదనడానికి గానీ, సవరించడానికి గానీ, 'ఇదొక్కటే కారణం కాదు, ఇటు కూడా చూడండి' అనడానికి గానీ పక్కన మరొకరు లేరు.

*

ఇటు కూడా చూడండి అనేవాళ్ళు నిజానికి దేశంలో ఉన్నారు. న్యూయార్క్‌లో హెలెన్ రొద్రిగెస్ ట్రియాస్ అనే ప్యూర్టోరికన్ డాక్టర్, మరికొందరితో కలిసి, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి వ్యతిరేకంగా 1970ల మధ్యలోనే కమిటీ కట్టి పోరాడుతున్నారు. వాళ్ళకి ఈ సంగతి ఎక్కడో లాస్ ఏంజెలిస్ వార్త కాదు. 1960ల్లో జరిగిన సర్వే ప్రకారం ప్యూర్టోరికో దీవిలో పిల్లల్ని కనే వయసులో ఉన్న తల్లుల్లో దాదాపు మూడో వంతు మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. అమెరికన్ ఆదివాసీల ఆసుపత్రుల మీద 1976లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే విచారించి, నాలుగు ప్రాంతాల్లో మూడేళ్ళ పైచిలుకు కాలంలో 3,406 ఆపరేషన్లు జరిగాయని లెక్క తేల్చింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టండి. మెక్సికో పల్లె స్త్రీలు, కరీబియన్ దీవి స్త్రీలు, ఆదివాసీ స్త్రీలు. మూడు భాషాప్రపంచాలు, మూడు రకాల కుటుంబాలు, మూడు సంస్కృతులు. జరిగింది మాత్రం ఒకేలాంటిది. అప్పుడిక కారణం సంస్కృతి అని ఏ జడ్జి అయినా తేలిగ్గా అనగలడా? మూడింటిలోనూ కనిపించేది బీదరికం, సర్కారు వైద్యం, వీళ్ళకి పిల్లలెక్కువయ్యారని ముందే తీర్మానించుకున్న మనుషులు. ఒక సమూహాన్నే దగ్గరగా చూస్తే సంస్కృతి కనిపిస్తుంది. రెండు మూడింటిని కలిపి చూస్తే వ్యవస్థ కనిపిస్తుంది.

యూనివర్సిటీలు చేతులు కలపడంలో నాకు కనిపించే మొదటి విలువ ఇదే. 1983లో నాలుగు కేంద్రాలు, యూసీఎల్ఏ, స్టాన్‌ఫర్డ్, ఆస్టిన్‌లవి మూడు, న్యూయార్క్ హంటర్ కాలేజీది ఒకటి, కలిసి లాటినో పరిశోధన కోసం ఒక అంతర్ విశ్వవిద్యాలయ కార్యక్రమం మొదలుపెట్టాయి. మూడు చికానోలవి, ఒకటి ప్యూర్టోరికన్లది. పైకి ఇది మామూలు ఆఫీసు ఏర్పాటు. లోపల ఉన్నది పెద్ద తగాదా. మెక్సికన్ అమెరికన్ల కథ సరిహద్దుతో మొదలవుతుంది. 1848 ఒప్పందంతో సరిహద్దే వాళ్ళ మీదుగా నడిచిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి కాగితాలు ఉన్నాయా లేవా అన్నదే బతుకు. ప్యూర్టోరికన్లు 1917 నుంచీ పౌరులు. వాళ్ళకి కాగితాల బాధ లేదు. మా దీవి ఎవరిది అన్నది వాళ్ళ బాధ. 1959 తర్వాత వచ్చిన క్యూబన్ల కథ ఇంకో రకం. వీళ్ళందరినీ కలిపే పేరు 1980 జనాభా లెక్కల ఫారంలో దేశంలో ప్రతి ఇంటికీ వెళ్ళింది. అది గవర్నమెంటు గీసిన గడి. ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్ళు 2020 లెక్కల్లో 6 కోట్ల 20 లక్షలు దాటారు.

గవర్నమెంటు గడిని నిజమైన బంధంగా తీసుకోవచ్చా? అది అబద్ధపు పేరు కదా? నేను మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఆ పేరు నిజమో అబద్ధమో ముందే తేలేది కాదు. ఆ పేరు కింద కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు ఏం అడగనిస్తారో దాన్ని బట్టి తేలుతుంది. 'మీ సరిహద్దు కథలో మేమెక్కడ?' అని ప్యూర్టోరికన్ అడగగలిగితే, 'మీ అందరి కథల్లో మా నల్లరంగు ఎక్కడ, మా మాయా భాష ఎక్కడ?' అని ఇంకొకరు అడగగలిగితే ఆ పేరుకి ప్రాణం ఉన్నట్టు. అడగనివ్వకపోతే అది గడే. దండోరా ఉద్యమం 1994లో ప్రకాశం జిల్లాలో మొదలైనప్పుడు అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే కదా: ఒకే పేరు కింద అందరికీ ఒకేలా అందుతోందా అని. ఆ ప్రశ్న ఐక్యతని చెడగొడుతుందని అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న పడని ఐక్యత ఎక్కువకాలం నిలుస్తుందని అనిపించదు.

*

ఇంట్లో తగాదా బయటపెట్టడం ఎంత ఖరీదో చికానా స్త్రీలకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో. 1969 శాంటా బార్బరా ప్రణాళికలో ఆడవాళ్ళ ఊసు లేదనే చెప్పాలి. ఉద్యమంలో వంటలూ టైపింగూ వాళ్ళవి, ఉపన్యాసాలు మగవాళ్ళవి. అడిగితే, ఇప్పుడు కాదు, ముందు తెల్లవాళ్ళతో పోరాటం అయిపోనీ, ఇంట్లో సంగతి బయటపెడితే వాళ్ళ చేతికి కర్ర ఇచ్చినట్టే అన్నారు. ఇది మనం వినని మాటేం కాదు. 1982లో చికానా అధ్యాపకులు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1984లో ఆస్టిన్‌లో చికానో అధ్యయన సంఘం జాతీయ సదస్సు మొదటిసారి స్త్రీల గొంతు అన్న అంశం మీద జరిగింది. సంఘం పుట్టిన పన్నెండేళ్ళకి.

గ్లోరియా అన్సాల్దువా పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఆమెదీ రియో గ్రాండే లోయే. 1970ల్లో ఆస్టిన్‌లో పీహెచ్‌డీ మొదలుపెట్టి, చికానో సాహిత్యం మీద పనిచెయ్యాలన్న కోరికకు అక్కడ చోటు దొరక్క వదిలేసి వెళ్ళిపోయారు. 1987లో 'బోర్డర్‌లాండ్స్' పుస్తకంలో తెల్ల అమెరికానీ, తన సొంత సంస్కృతినీ ఒకే చేత్తో నిలదీశారు. ఆడవాళ్ళని, స్వలింగ ప్రేమికుల్ని తనవాళ్ళు ఎలా చూశారో దాచలేదు. 2004లో చనిపోయారు. మరుసటి ఏడు శాంటా క్రూజ్ యూనివర్సిటీ ఆమెకి మరణానంతరం పీహెచ్‌డీ ఇచ్చింది. ఆమె కాగితాలన్నీ ఇప్పుడు ఆస్టిన్ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి. మనిషికి దొరకని చోటు కాగితాలకి దొరికింది.

ఆమె ఒంటరిగా రాయలేదా, గొప్పగా రాయలేదా అని అడగొచ్చు. రాశారు. అంత మూల్యం చెల్లించి రాయగలిగేవాళ్ళు తరానికి ఒకరిద్దరుంటారు. మిగతా మనలాంటివాళ్ళం గదిలో ఒక్కరమే ఉన్నప్పుడు సిటీల్లో దాదాపు పోయిందండీ అంటాం. ధైర్యం లేనివాళ్ళు కూడా నిజం చెప్పగలిగేలా గది ఉండాలన్నది నా కోరిక.

*

ఈ మధ్య నన్ను మళ్ళీ ఇటు లాగింది ఒక పాత ప్రకటన. 2022లో అమెరికాలో 20 పెద్ద పరిశోధక యూనివర్సిటీలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. అన్నింటిలోనూ విద్యార్థుల్లో కనీసం పాతిక శాతం హిస్పానిక్‌లు. 2030 నాటికి హిస్పానిక్ పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్యని రెట్టింపు చెయ్యాలి, ప్రొఫెసర్ల సంఖ్యని 20 శాతం పెంచాలి అన్నవి లక్ష్యాలు. దానికి ముందే, ఈ తరహా యూనివర్సిటీల మధ్య హ్యుమానిటీస్ పరిశోధన కోసం షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ కేంద్రంగా మెలన్ ఫౌండేషన్ డబ్బుతో ఒక కార్యక్రమం మొదలైంది. వేర్వేరు చోట్ల అధ్యాపకులు కలిసి, వేర్వేరు ప్రాంతాల లాటినో జీవితాల్ని పోల్చి చూడడం దాని పని.

మొదట చదివినప్పుడు ఆవలింత వచ్చింది. రెట్టింపు, 20 శాతం, 2030. కంపెనీ టార్గెట్లలా ఉన్నాయి. పైగా ఇందులో ఒక తిరకాసు ఉంది. విద్యార్థుల్లో పాతిక శాతం దాటితే యూనివర్సిటీకి ఆ హోదా వస్తుంది, దాని పేరు మీద గ్రాంట్లకి పోటీపడొచ్చు. ప్రొఫెసర్లలో ఎంతమంది ఉండాలన్న నియమం మాత్రం లేదు. పిల్లల తలలు లెక్కపెట్టి హోదా తెచ్చుకుని, పాఠం చెప్పేవాళ్ళని మార్చకుండా నడిపెయ్యొచ్చు.

దీనికి ఎదురువాదం కూడా తేలిక్కాదు. మనిషి ఆలోచన అతని పుట్టుకతో వస్తుందా? లాటినో ప్రొఫెసర్లు పెరిగితే లాటినోల గురించిన సత్యం పెరుగుతుందా? సత్యానికి ఇంటిపేరు ఉంటుందా? నేనీ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అది నన్ను అవతలి ఒడ్డుకి తీసుకెళుతుంది. పుట్టుకే ఆలోచనని నిర్ణయించేటట్టయితే ఒక్కరు చాలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూసినట్టు, ఒక్కరిని అడిగితే అందరి సంగతీ తెలిసిపోవాలి. మనుషులు మెతుకులు కారు కాబట్టే ఎక్కువమంది కావాలి. రెండోవాళ్ళు వచ్చాకే మొదటివాళ్ళ మాట ఒక మనిషి మాట అవుతుంది. అప్పుడే వాళ్ళు పొరపాటు పడొచ్చు, మనసు మార్చుకోవచ్చు, తనవాళ్ళని తిట్టొచ్చు. ఒక్కరే ఉన్నప్పుడు రాయబారిగా ఉండాలి. నలుగురున్నప్పుడు చదువుకున్నవాళ్ళుగా ఉండొచ్చు.

అందుకే ఆ బోడి అంకెలు ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తున్నాయి. అవి ఇప్పుడు ప్రమాదంలోనూ ఉన్నాయి. పాతిక శాతం లెక్క రాజ్యాంగ విరుద్ధమంటూ 2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ ఆ హోదా మీద ఇచ్చే పోటీ గ్రాంట్లని ఆపేసింది. డబ్బు తగ్గినప్పుడు ముందు పోయేది రెండో ఉద్యోగం, మూడో ఉద్యోగం. మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరూ మళ్ళీ అందరి తరఫునా జవాబు చెప్పాలి.

మద్రిగల్ కేసులో పదిమంది తరఫున ఇంకో ముగ్గురు నిపుణులుంటే తీర్పు మారేదని నేననను. జడ్జి మనసు అంత తేలిగ్గా మారేదిలా లేదు. కానీ ఓడిపోయిన ఆ కేసు, దాని చుట్టూ లాస్ ఏంజెలిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ కలిసి జరిగిన పోరాటం, సమ్మతి పత్రాలు రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని, సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య గడువుండాలని నియమాలు తెచ్చాయి. 2018లో లాస్ ఏంజెలిస్ కౌంటీ క్షమాపణ చెప్పింది. నలభై ఏళ్ళు పట్టింది.

*

ఆ సెమినార్ తర్వాత సెమిస్టర్లో గుంటూరు జిల్లా నుంచి ఒకమ్మాయి మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది. మొదటి రోజే నన్ను అక్కా అంది. ఒకరోజు క్లాసులో మళ్ళీ కులం ప్రస్తావన వచ్చింది. ఎవరో, పోయిన సెమిస్టర్లో నేను చెప్పిన మాట గుర్తుచేశారు. సిటీల్లో దాదాపు పోయిందట కదా అని.

ఆ అమ్మాయి నావైపు చూసి, తర్వాత వాళ్ళవైపు చూసి, "నాకలా తెలియదు" అని మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో హోటల్లో గ్లాసుల గురించి చెప్పింది. హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ఇంటివాళ్ళు ముందు ఏం అడిగారో చెప్పింది. గొంతు పెంచలేదు. పావుగంట మాట్లాడింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. కోపం వచ్చింది, దాచడమెందుకు. బయటికొచ్చాక "అందరి ముందూ అలా కాదనాలా?" అన్నాను.

"అక్కా, మీరు వాళ్ళకి చెప్పింది మీ ఇంటి సంగతి. మా ఊరి సంగతి కాదు" అంది.

నిజానికి నేను చెప్పింది మా ఇంటి సంగతి కూడా కాదు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు మరో నెల పట్టింది. ఒకరోజు కాఫీ తాగుతూ కిటికీలో బోర్లించిన గ్లాసు గురించి చెప్పాను. ఆశ్చర్యపోలేదు. తలూపి, చక్కెర కలుపుకుంది. ఆ తర్వాత క్లాసులో ఎవరైనా ఇండియా గురించి అడిగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం, చాలాసార్లు రెండు వేర్వేరు జవాబులు చెప్పేవాళ్ళం. లోయ నుంచి వచ్చిన అమ్మాయి మమ్మల్ని చూసి, "మీ అదృష్టం, మీరిద్దరున్నారు" అనేది.

గుంటూరమ్మాయి ఇప్పుడు థీసిస్ రాస్తోంది. అందులో మా కులంవాళ్ళ ఇళ్ళ గురించి ఒక అధ్యాయం ఉందట. పోయినవారం ఫోన్లో, డ్రాఫ్టు ఒకసారి పంపమని అడిగాను.

"పంపుతానక్కా. కానీ మీరు చెప్పారని మార్చను" అంది.